తడుము వేడుక

పీట మీద కూర్చోబెట్టాలంటే తాయారు చేతిలోంచి కొక్కెం సూదిని లాక్కోవలసి వచ్చింది. "ఈ వరస అవగానే లేచేత్తాను" అంటూనే ఆమె ఇంకో వరసలోకి వెళ్ళిపోయింది. తీత రోజున కూడా లేసు అల్లుకుంటూ కూర్చున్న కోడల్ని చూసి చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు.

"నీకు పిల్లలు కావాలా, లేసు కావాలా? తేల్చుకో" అని ఆడపడుచు సత్యవేణి దబాయించింది.

"రెండూ కావాలి వదినా" అంది తాయారు నవ్వుతూ. నవ్వుతూ అన్నా అది నిజం. ఆమె కోరికల చిట్టా అంతటితో అయిపోతుంది.

నరసాపురంలో లేసు అల్లే యంత్రాలు ఎన్నో వచ్చాయి, ఎన్నో మూలపడ్డాయి. కొనేవాళ్ళకి మాత్రం ఇప్పటికీ మనిషి చెయ్యి పడిన లేసే కావాలి. అల్లేటప్పుడు కుడిచేతిలో కొక్కెం సూది చకచకా ఆడుతుంది కాబట్టి చూసేవాళ్ళ కళ్ళు దాని మీదే ఉంటాయి. కష్టమైన పని ఎడమచేతి చిటికెన వేలిది. దారం ఆ వేలికి ఒక చుట్టు చుట్టుకుని సూది దగ్గరికి వస్తుంది. ఎంత బిగించాలో, ఎంత వదలాలో వేలికే తెలియాలి, కంటికి తెలియదు. తాయారు అల్లిన అంచును బల్ల మీద పరిస్తే ఎక్కడా ముడుచుకోదు, ఎక్కడా ఉబ్బదు. ఆ వేలు అంత నికరమైనది.

ఆ ఎడమచేతికే, మోచేతికి పైన, జబ్బ లోపలి వైపు చర్మం కింద నిలుపుకడ్డీ ఉంది. అగ్గిపుల్లంత ఉంటుంది. పదహారేళ్ళు రాగానే ఆడపిల్లలందరికీ బడిలోనే పెట్టేస్తారు. "ఏ చేత్తో పనిచేస్తావమ్మా?" అని అడుగుతారు. పిల్ల "కుడిచేత్తోనండి" అంటుంది. అయితే ఎడమ చెయ్యి ఖాళీయే కదా అని అందులో పెడతారు. లేసు అల్లేవాళ్ళకి ఖాళీ చెయ్యి ఉండదన్న సంగతి అడిగినవాళ్ళకీ తోచలేదు, చెప్పిన పిల్లలకీ తోచలేదు.

కడ్డీ ఒంట్లో ఉన్నన్నాళ్ళూ కడుపు రాదు. తీయిస్తే నెల తిరక్కుండా వస్తుంది. అనుకోకుండా బిడ్డ పుట్టడమనేది ముసలివాళ్ళ కబుర్లలో మాత్రమే మిగిలింది. ఏ వీధిలో ఎప్పుడు ఎందరు పిల్లలు బడికొస్తారో పంతుళ్ళకి ముందే తెలుసు. ఆడపిల్లలు చదువు, ఉద్యోగం, ఇల్లు అన్నీ ఒక వరసలో పెట్టుకుని, ఆ తరవాతే తీతకి వెళ్తున్నారు. కొత్త కోడల్ని "ఏమైనా విశేషమా?" అని రాచిరంపాన పెట్టే అలవాటు పోయింది. ఇప్పుడు "తీత ఎప్పుడు?" అని రాచిరంపాన పెడుతున్నారు. మనుషులు అంత తేలిగ్గా మారిపోతారా ఏమిటి!

తీతకి ముందు తడుము వేడుక చేస్తారు. పెళ్ళిలో తలంబ్రాల లాగా అదీ స్థిరపడిపోయింది. పిల్లని పీట మీద కూర్చోబెట్టి జబ్బకి పసుపు నూనె రాస్తారు. ముత్తయిదువలు, పెద్దవాళ్ళు ఒక్కొక్కరూ వచ్చి బొటనవేలితో కడ్డీని తడిమి "తగిలింది" అంటారు. అని, ఆ చేతికి ఒక గాజు తొడుగుతారు. గలగలమనే చేత్తో పిల్ల తీతగూటికి బయల్దేరుతుంది.

మొదట ఇంటికి పెద్దది సూరీడమ్మ వచ్చింది. ఆమె తాయారు భర్త నూకరాజుకి నాయనమ్మ. తల్లి లేని మనవణ్ణి పెంచింది ఆమే. ఇంటిల్లిపాదీ, వీధి వీధంతా ఆమెను మామ్మ అనే పిలుస్తారు. ముసలి బొటనవేలు తాయారు జబ్బ మీద అటు జరిగింది, ఇటు జరిగింది. కాస్త లోపలికి నొక్కింది. మళ్ళీ మొదటి చోటికే వచ్చింది.

తాయారు ఊపిరి బిగబట్టింది. నాలుగైదేళ్ళుగా ఆ కడ్డీ ఆమె వేలికే తగలడం లేదు. చిన్నప్పుడు పరీక్షలో జవాబు తోచనప్పుడల్లా దాన్ని చర్మం కింద అటూ ఇటూ ఆడించేది. పెళ్ళయ్యాక ఒళ్ళు కాస్త నిండింది, కడ్డీ ఎటో దిగిపోయింది. తనకి వెతకడం చేతకావడం లేదేమోలే, పెద్దవాళ్ళకి తెలుస్తుందిలే అని ఊరుకుంది.

"తగిలింది తల్లీ" అంది సూరీడమ్మ చివరికి. "పిల్లా జెల్లాతో సల్లగా ఉండు." ఎర్ర గాజు తొడిగింది.

తాయారుకి పెద్ద బరువు దిగిపోయింది. ఆ తరవాత తల్లి కాంతం, సత్యవేణి, పక్కింటివాళ్ళు, ఎదురింటివాళ్ళు వరసగా వచ్చారు. "తగిలింది." "తగిలిందండోయ్." "ఇదిగో, ఇక్కడే ఉంది, ఎక్కడికి పోద్ది?" మోచేతి దాకా గాజులు నిండాయి. వంటవాడు గుమ్మంలోకి వచ్చి గూటి నుంచి వచ్చేసరికి వడ్డించెయ్యాలా అని కేకేశాడు. అందరూ నవ్వారు.

తీతగూడు గట్టు వీధిలో ఉంది. సముద్రం ఊరి మీదకి వస్తోందని వశిష్ఠ గోదావరి పొడుగునా కట్టిన ఎత్తు గట్టు అది. ఒక కుర్చీ, చెయ్యి ఆన్చుకోవడానికి ఒక మెత్తటి తొట్టె, పైన సన్నటి ఉక్కు వేళ్ళు. లోపల మనుషులెవరూ ఉండరు. ఒక ఆడగొంతు మాత్రం మర్యాదగా మాట్లాడుతుంది.

"నమస్కారమండీ మంగతాయారు గారూ. కడ్డీని ఎవరైనా తడిమి చూశారా?"

ఇది పైపై ప్రశ్న కాదు. జబ్బ లోపలి వైపు కాస్త లోతుకి వెళ్తే చేతి నరాలు, రక్తనాళాలు కట్టగట్టినట్టు ఉంటాయి. అందుకే చేతికి తగలని కడ్డీ కోసం కత్తి పెట్టి వెతకకూడదని డాక్టర్లు ఎప్పుడో నియమం పెట్టారు. తగలకపోతే గూడు ముట్టుకోదు, రాజమండ్రి పెద్దాసుపత్రికి పంపేస్తుంది. అక్కడ ధ్వనిచూపు ఉంది. చర్మం కింద కడ్డీ ఎక్కడుందో, నరం ఎక్కడుందో తెర మీద చూపిస్తుంది. ఊరూరా పెట్టిన చిన్న గూళ్ళలో ధ్వనిచూపు లేదు. చేతికి తగిలే కడ్డీకి అదెందుకని పెట్టలేదు.

"తడిమారండి" అంది తాయారు.

"తగిలిందా అండీ?"

రాజమండ్రిలో తీతకి రెండు నెలలకి గానీ వంతు రాదు. ఇంటి దగ్గర విస్తళ్ళు వేసేసి ఉంటారు. మామ్మకి తగిలిందన్నాక తను కాదనడం ఏమిటి?

"తగిలిందండి."

"ఎంతమందికి?"

తాయారు గాజులు చూసుకుని చెప్పింది. గూడు ఎంతో సంతోషించినట్టు "చాలా మంచిదండీ" అంది. ఎంతమందికి తగిలితే అంత నమ్మకం అని దానికి నేర్పారు. కడ్డీ వెంటనే దొరక్కపోతే, తక్కువమంది చెప్పినప్పుడు ఆగిపోతుంది. ఎక్కువమంది చెప్పినప్పుడు అక్కడే ఎక్కడో ఉండి తీరుతుందని ఇంకాస్త వెతుకుతుంది.

మందు చల్లింది. చర్మం మొద్దుబారింది. చిన్న గాటు పెట్టి ఉక్కు పట్టకారు లోపలికి వెళ్ళింది. ఒకసారి వెతికింది, లేదు. రెండోసారి వెతికింది, లేదు. అంతమందికి తగిలిన కడ్డీ కదా, ఇంకొంచెం లోతుకి దిగింది. అక్కడ సన్నగా, తెల్లగా, పొడుగ్గా ఒకటి కనబడింది. పట్టకారు దాన్ని పట్టుకుని లాగింది.

కరెంటు కొట్టినట్టు జబ్బలోంచి చిటికెన వేలి కొస దాకా జివ్వుమని పాకింది. తాయారు కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. పళ్ళ మధ్య పెదవి నొక్కిపట్టుకుంది.

గూడు వెంటనే ఆగింది. "నొప్పిగా ఉందా అండీ?"

అది మర్యాదగా అడిగింది. అడిగినవాళ్ళని కష్టపెట్టకూడదని తాయారుకి చిన్నప్పట్నుంచీ అలవాటు.

"అబ్బే, పర్వాలేదండీ" అంది.

పర్వాలేదంటే గూటికి పర్వాలేదనే అర్థం. పట్టకారు మళ్ళీ లాగింది.

అసలు కడ్డీ దాని పక్కనే, ఇంకా కింద దొరికింది. గూడు గాటుకి అంటుపట్టీ వేసి శుభాకాంక్షలు చెప్పింది. బయట నూకరాజు చెప్పులేసుకుని సిద్ధంగా నిలబడ్డాడు. "ఏంటే, మొహం అలా ఉంది?" అన్నాడు. "ఆకలేత్తంది" అంది తాయారు. భోజనాల దగ్గర ఎడమచేత్తో నీళ్ళ గ్లాసు అందుకోబోతే జారిపోయింది. మందు మత్తు ఇంకా వదల్లేదన్నారు అందరూ.

మత్తు వారం దాటినా వదల్లేదు. చిటికెన వేలు, దాని పక్కనున్న ఉంగరం వేలు సగం ఎవరివో తెచ్చి తన చేతికి తగిలించినట్టుండేవి. వేలికి దారం చుట్టుకుంటే చుట్టుకున్నట్టే తెలిసేది కాదు. కళ్ళతో చూసుకుంటూ అల్లింది. చూపు సూది మీదికి పోగానే దారం వదులైపోయేది. విప్పింది, మళ్ళీ అల్లింది, మళ్ళీ విప్పింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అంతమంది ఆశీర్వదించి పంపిన తీత చెడిపోయిందని ఎలా చెప్పడం?

సూరీడమ్మే పట్టుకుంది. మంచం మీద పడి ఉన్న లేసు అంచు తీసి మోకాలి మీద పరిచింది. అది కుచ్చుకుచ్చుగా పైకి లేచింది.

"ఇది నువ్వల్లిందేనా?"

తాయారు తల వంచుకుంది. "దారం తెలట్లేదు మామ్మా. ఏలుంది గానీ, లేనట్టే ఉంది." అని భోరుమంది.

సూరీడమ్మ ఆ వేలిని తన రెండు చేతుల్లోకి తీసుకుని చాలాసేపు కూర్చుంది. మర్నాడు నూకరాజు గోదావరి మీద తను నడిపే పంటు పడవని ఇంకొకళ్ళకి అప్పజెప్పి ఇద్దర్నీ రాజమండ్రి తీసుకెళ్ళాడు.

నరాల డాక్టరు ఆశీర్వాదం గారు పెద్దాయన. నెమ్మదిగా మాట్లాడతారు. జరిగిందంతా విని, చెయ్యి అటూ ఇటూ తిప్పి చూశారు. "కళ్ళు మూసుకోండమ్మా. దూదితో వేలు ముట్టుకుంటాను. తెలిస్తే తగిలిందనండి, తెలియకపోతే లేదనండి" అన్నారు.

తాయారు కళ్ళు మూసుకుంది.

"ఇప్పుడు?"

"తగిలిందండి."

"ఇప్పుడు?"

"ఆఁ, తగిలిందండి."

"తాయారమ్మా, నేను దూది ఇంకా డబ్బాలోంచి తియ్యలేదు" అన్నారు డాక్టరు.

నూకరాజు నోరు తెరిచాడు. తాయారు కళ్ళు తెరిచి సిగ్గుతో చచ్చిపోయింది.

"ఎందుకలా చెప్పారమ్మా?"

"మీరంత ఓపిగ్గా అడుగుతున్నారు కదండీ. ఎన్నిసార్లడిగినా లేదు లేదంటే మీకేం బాగుంటదని..."

డాక్టరు నవ్వలేదు. "నాకు బాగుండకపోతే ఆ బాధేదో నేను పడతాను. నరం ఎంతవరకు దెబ్బతిందో మీరు చెబితేనే నాకు తెలుస్తుంది. గూటి దగ్గర నొప్పి అని ఒక్క మాట అనుంటే అది అక్కడితో ఆగిపోయేది. అది కడ్డీ అనుకుని మీ నరాన్ని పట్టుకుంది. అసలు చేతికి తగిలిన కడ్డీ అయితే అంత లోతుకి ఎందుకు వెళ్ళిందో నాకు అర్థం కావడం లేదు. తడిమినప్పుడు సరిగ్గా తగిలిందా?"

"తగల్లేదు బాబూ."

మాట్లాడింది సూరీడమ్మ. మూల బల్ల మీద ముడుచుకుని కూర్చుంది. "నాకు తగల్లేదు. నా ఏళ్ళు కాయలు కాసిపోయినయ్యి, నాకు తెలట్లేదేమో అనుకున్నాను. శుభమా అని పిల్ల పీట మీద కూకుంటే, మొదట తడిమినదాన్ని, నేను లేదంటే ఏం బాగుంటదీ? ఎనకాల వచ్చేవోళ్ళకి తగులుద్దిలే అనుకున్నాను." ఆమె చీర చెంగు నోట్లో కుక్కుకుంది.

"నాక్కూడా తగల్లేదు మామ్మా" అంది తాయారు. "ఎప్పట్నించో తగలట్లేదు. నీకు తగిలిందన్నావు కదా, హమ్మయ్య అనుకున్నాను."

ఆ రాత్రి నరసాపురం ఫోను చేస్తే మిగతావీ బయటపడ్డాయి. సత్యవేణికి తగల్లేదు, మామ్మ మాట తీసెయ్యలేకపోయింది. తల్లి కాంతానికీ తగల్లేదు. "వియ్యాలవారింట్లో, ఆవిడంతటావిడ తగిలిందన్నాక, పిల్ల తల్లిని నేను లేదంటే అల్లరి చేసినట్టుండదటే?" అని ఏడ్చింది. ఎదురింటావిడకీ తగల్లేదు. అంతమంది తడిమిన ఆ చేతిలో కడ్డీ ఒక్కరికీ తగల్లేదు.

డాక్టరు ఆశీర్వాదం గారు జబ్బ తెరిచి, నలిగి సగం తెగిన నరాన్ని అతికారు. నరం మళ్ళీ పెరుగుతుందన్నారు. అయితే దానికి తొందరుండదు, నెలకి ఒక అంగుళం చొప్పున జబ్బ నుంచి కిందికి దిగిరావాలి. అరచేతి అంచు దాకా రావడానికే ఏడాదిన్నర పట్టవచ్చు. చిటికెన వేలి కొస దాకా వస్తుందో రాదో మాటివ్వలేనన్నారు. "వచ్చిందని నన్ను సంతోషపెట్టడానికి మాత్రం చెప్పకండి" అన్నారు పంపేటప్పుడు.

గూళ్ళు తయారుచేసినవాళ్ళు ఇద్దరు ఇంజనీర్లని ఇంటికి పంపారు. మన జిల్లా కుర్రాళ్ళే. భయం వల్ల, మరుపు వల్ల, ఒక చేతి బదులు ఇంకో చెయ్యి చూపించడం వల్ల జరిగే పొరపాట్లన్నిటికీ వాళ్ళు ముందే జాగ్రత్తలు పెట్టారట. తగలనప్పుడు అందరూ తగిలిందని ఎందుకన్నారో మాత్రం వాళ్ళకి అంతుపట్టలేదు.

"ఎండన పడొచ్చారు, కాఫీ తాగుతారా బాబూ?" అని అడిగింది సూరీడమ్మ.

"వద్దండీ, ఇప్పుడే తాగొచ్చాం" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

"తాగేరా?"

వాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. తాగలేదు. సూరీడమ్మ లోపలికెళ్ళి కాఫీ కలుపుకొచ్చింది. ఆ రెండు గ్లాసులూ ఖాళీ అయ్యేసరికి మొహమాటమనే దానికి తమ లెక్కల్లో చోటు పెట్టలేదని వాళ్ళకి అర్థమైంది. కొన్నాళ్ళకి చిన్న గూళ్ళలోనూ ధ్వనిచూపు అమర్చారు. ఇప్పుడు గూడు ఎవరి మాటా అడగదు, తానే చూసుకుంటుంది.

తాయారు మాత్రం మళ్ళీ పాత తాయారు కాలేదు. దారాన్ని నడిమి వేలికి చుట్టుకుని అల్లడం నేర్చుకుంది. ఆ వేలికి అంత నేర్పు లేదు. అంచు కాస్త ఉబ్బుతుంది. కొనేవాళ్ళు బాగానే ఉందంటారు. బాగా లేదని ఆమెకి తెలుసు, ఆ బాధ ఆమెని వదల్లేదు.

మరుసటేడు పాప పుట్టింది. బొద్దుగా, కోపిష్టిగా, ఏది దొరికితే అది గుప్పిట పట్టేసే పిల్ల. తల్లి ఎడమ చేతి మీద పడుకుని పాలు తాగుతూ, ఎప్పుడూ ఆ చిటికెన వేలినే పట్టుకునేది. తాయారు దాన్ని కళ్ళతో చూసి తెలుసుకోవలసిందే.

పాపకి తొమ్మిదో నెల నిండింది. ఒక మధ్యాహ్నం వసారాలో సూరీడమ్మ చాలాసేపు ఆ గుప్పిటనే చూస్తూ కూర్చుంది. డాక్టరు చెప్పిన ఏడాదిన్నర నిండిందని ఆమెకి గుర్తుంది. అడగడానికి భయపడింది, అడక్కుండా ఉండలేకపోయింది.

"చంటిది పట్టుకుంటే తెలుత్తందా అమ్మా?"

ఆ ముసలి మొహంలో ఎంత ఆశ ఉందో తాయారు చూసింది. ఔనంటే చాలు, ఆమె ఈ పూట కడుపునిండా అన్నం తింటుంది, హాయిగా నిద్రపోతుంది. ఒక్క మాటే కదా. తాయారు నోటి దాకా వచ్చింది ఆ మాట.

"లేదు మామ్మా" అంది. "తెలట్లేదు."

సూరీడమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని దగ్గరికి జరిగింది. "కళ్ళు ముయ్యి" అంది.

తాయారు కళ్ళు మూసుకుంది. సూరీడమ్మ పాప గుప్పిటని ఒక్కొక్క వేలుగా విడదీసి, తల్లి చిటికెన వేలికి ఆనించింది.

"ఇప్పుడు?"

"లేదు."

"ఇప్పుడు?"

"లేదు మామ్మా."

రెండోసారి సూరీడమ్మ పాప చేతిని అసలు ఆనించనే లేదు. గాలిలోనే పట్టుకుంది. తాయారు లేదన్నాక, ఆ బుజ్జి చేతిని చిటికెన వేలి మొదలు దాటించి, అరచేతి అంచున, మణికట్టుకి కాస్త ఇవతల మెల్లిగా ఆనించింది. ఈసారి ఏమీ అడగలేదు.

తాయారు కనుబొమలు ముడిపడ్డాయి.

"తగిలింది" అంది కళ్ళు తెరవకుండానే. "మామ్మా, ఎచ్చగా ఉంది. తగిలింది."

సూరీడమ్మ నమ్మింది.